గేటు లోపల కెమెరా: ఎవరి హక్కు ఎంతవరకు?

(ఫొటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

మిత్రులందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం, ప్రైవేటు స్థలాల్లో జరిగే కార్యక్రమాల్లో ఫొటోగ్రాఫరు హక్కులు. అంశం వినగానే మీ మనసులో ఒకటే ప్రశ్న మెదిలి ఉంటుంది. అక్కడ ఫొటో తీయవచ్చా, తీయకూడదా? ఒక్క ముక్కలో చెప్పేయండి, వెళ్లిపోతాం అన్నట్టు చూస్తున్నారు ముందు వరసలో కొందరు. చెప్పలేనండి. ఎందుకంటే ఆ ఒక్క ప్రశ్నలో మూడు దాగి ఉన్నాయి. లోపలికి వెళ్లవచ్చా? వెళ్లాక తీయవచ్చా? తీశాక దాన్ని ఏం చేసుకోవచ్చు? ఈ మూడింటికీ జవాబు చెప్పే అధికారం ఒకరి చేతిలో లేదు. మన వృత్తిలో వచ్చే తగాదాల్లో సగం ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టడం వల్ల వచ్చేవే. ఫొటోగ్రాఫరేమో "రానిచ్చారు కదా, ఇక నా ఇష్టం" అంటాడు. స్థలం యజమానేమో "నా గోడల మధ్య తీశావు కాబట్టి ఆ ఫొటో నాది" అంటాడు. ఇద్దరి మాటా తప్పే.

మరి కోర్టులు ఏమన్నాయి? ఒక పాత కేసు చెబుతాను. పాతదే గాని మన అంశానికి అచ్చంగా సరిపోయేది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో కుక్కల ప్రదర్శన ఒకటి జరిగింది. నవ్వకండి, కుక్కల ప్రదర్శనే! నిర్వాహకులు అక్కడ ఫొటోలు తీసే హక్కును ఒక ఫొటో ఏజెన్సీకి ప్రత్యేకంగా అమ్మారు. ఇంకెవరూ తీయకూడదన్నమాట. ఈలోగా మరో ఫొటోగ్రాఫరు మామూలుగా లోపలికి వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, 'అవర్ డాగ్స్' అనే పత్రికకు ఇచ్చాడు. పత్రిక అచ్చు వేసింది. ఏజెన్సీ కోర్టుకెక్కింది. "డబ్బు పోసి కొనుక్కున్న హక్కు మాది, వాళ్లెలా వేస్తారు?" అని.

కోర్టు ఏమన్నదో తెలుసా? మీరు కొన్నామంటున్న వస్తువు అసలు లేదు పొమ్మన్నది. 1916లో తీర్పు వచ్చింది, 1917లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. ప్రదర్శనను ఫొటో తీసే హక్కు అనేది ఒక ఆస్తి కాదు. నిర్వాహకుల చేతిలో ఉన్నది ఆ స్థలం. ఆ స్థలంలోకి ఎవరిని రానివ్వాలి, ఏ షరతు మీద రానివ్వాలి అన్నది వాళ్ల ఇష్టం. "కెమెరా తేకూడదు" అని టికెట్టు మీద ఒక్క వాక్యం అచ్చు వేయించి ఉంటే సరిపోయేది. వేయించలేదు. షరతు పెట్టకుండా రానిచ్చి, తరువాత ఫొటోలు మావి అంటే కుదరదు. ఇదీ తీర్పు సారాంశం.

ఈ కేసు నాకెందుకు ఇష్టమంటే, నూరేళ్లు దాటినా యజమాని బలం ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ఇంత తేటగా చూపించిన కేసు మరొకటి నాకు కనబడలేదు. యజమాని బలం గేటు దగ్గర ఉంది. ఫొటోలో లేదు. మళ్లీ చెబుతున్నాను, గేటు దగ్గర ఉంది. కాబట్టి మనకు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న "నేను లోపలికి ఎలా వచ్చాను?" ఏమి చెప్పి వచ్చాను, దేనికి ఒప్పుకుని వచ్చాను? మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

తప్పు దారిన వస్తే ఏమవుతుందో చూడండి. 1898 జులై 30న జర్మనీ మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయాడు, తన సొంత ఇంట్లో. కొన్ని గంటలు కూడా గడవకముందే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు లోపలి మనిషికి డబ్బు ముట్టజెప్పి, ఆ గదిలో దూరి, మృతదేహాన్ని ఫొటో తీశారు. అమ్మకానికి పెట్టారు కూడా. కుటుంబం కోర్టుకు వెళ్లింది. అప్పటి జర్మన్ చట్టంలో మనిషికి తన రూపం మీద హక్కు అంటూ ఏదీ లేదు. మరి ఏ ఆధారం మీద ఆపాలి? 1899 చివర్లో అక్కడి సర్వోన్నత న్యాయస్థానం అక్రమ ప్రవేశాన్నే పట్టుకుంది. ఇంట్లో దొంగతనంగా దూరడం వల్ల దక్కిన ఫలాన్ని మీ దగ్గర ఉంచుకోనివ్వం, ఆ ఫొటోల ప్లేట్లు, అంటే నెగటివ్‌లు, ధ్వంసం చేయాల్సిందే అన్నది. ఆ ఇద్దరూ జైలుకు కూడా వెళ్లారు. ఆ గొడవ పుణ్యమా అని 1907లో జర్మనీలో కొత్త చట్టం వచ్చింది. మనిషి బొమ్మను అతని అనుమతి లేకుండా పంచిపెట్టకూడదని దాని 22వ సెక్షన్ చెబుతుంది. ఆ తరువాతి సెక్షన్‌లో మినహాయింపులున్నాయి, సభలూ ఊరేగింపుల ఫొటోల వంటివి. ఆ సెక్షన్లు ఈనాటికీ అమల్లో ఉన్నాయి.

కుక్కల ప్రదర్శన ఒక పక్క, ఈ మరణశయ్య ఒక పక్క పెట్టుకోండి. రెండూ ప్రైవేటు స్థలాలే. రెండు చోట్లా యజమాని అనుమతి ఇవ్వని ఫొటోలే. ఒకచోట ఫొటోగ్రాఫరు గెలిచాడు, ఒకచోట జైలుకెళ్లాడు. తేడా ఎక్కడుంది? లోపలికి వచ్చిన తీరులో.

ఇక పెళ్లి కేసు. మీలో చాలామంది ఇది విని ఉంటారు. 2000 నవంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో సినిమా నటులు మైకేల్ డగ్లస్, కేథరిన్ జీటా జోన్స్ పెళ్లి. 'ఓకే' పత్రికతో ప్రత్యేక ఒప్పందం, పది లక్షల పౌండ్లు. అతిథులు ఫొటోలు తీయకూడదని ముందే చెప్పారు, కాపలా పెట్టారు. అయినా ఒకతను లోపలికి చొరబడ్డాడు, చాటుగా తీశాడు, అవి 'హలో' పత్రికలో వచ్చాయి. కేసు ఇంగ్లండులో ఏళ్ల తరబడి నడిచి 2007లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు 'ఓకే' పక్షాన నిలిచారు. పది లక్షల పౌండ్లు దాటిన నష్టపరిహారం 'ఓకే'కు దక్కింది. కుక్కల ప్రదర్శన కేసులో ప్రత్యేక హక్కు కొన్నవాళ్లు ఓడితే ఇక్కడ ఎలా గెలిచారు? అక్కడ నిర్వాహకులు నోరు విప్పలేదు. ఇక్కడ పెళ్లివారు గట్టిగా చెప్పారు, గట్టిగా కాపాడుకున్నారు. దాంతో ఆ పెళ్లి దృశ్యం కాపాడదగ్గ రహస్యం అయింది. ఆ రహస్యాన్ని తెలిసి తెలిసి బయటపెట్టినవాళ్లు పరిహారం కట్టారు.

ఇందులో ఒక చిన్న సంగతి గమనించారా? పరిహారం ఎక్కువ ముట్టింది పత్రికకు. దంపతుల చేతికి వచ్చింది పద్నాలుగు వేల పౌండ్ల చిల్లర. మనసు నొచ్చుకున్నందుకు చిల్లర, వ్యాపారం దెబ్బతిన్నందుకు నోట్ల కట్టలు! న్యాయమా అంటే, ఏమో, నాకైతే రుచించదు. పోనివ్వండి.

"బయటికి వెళ్లండి" అన్నప్పుడు

ఇప్పుడు మనకు రోజూ ఎదురయ్యే సంగతికి వద్దాం. మీరు సక్రమంగానే వచ్చారు. టికెట్టు ఉంది, లేదా పాసు ఉంది. ఎక్కడా "ఫొటోలు నిషేధం" అన్న బోర్డు లేదు. నాలుగు ఫొటోలు తీశారు. సెక్యూరిటీ గార్డు వచ్చి లెన్సు మీద చేయి అడ్డం పెట్టాడు. "తీయకూడదు. తీసినవి డిలీట్ చేయండి. లేకపోతే కార్డు ఇచ్చి వెళ్లండి."

ఎన్ని ఆజ్ఞలు వచ్చాయి? మూడు. వీటిలో అతనికి నిజంగా అధికారం ఉన్నది ఒక్కదానికే. ఇక మీదట తీయకూడదు అనడానికి. మీరు వినకపోతే బయటికి పొమ్మనవచ్చు కూడా. మీరు సరిగ్గానే వచ్చారు కాబట్టి అంతవరకు తీసినవి అక్రమం కావు. కానీ పొమ్మన్నాక కూడా నిలబడితే, ఆ క్షణం నుంచి మీరు అక్రమంగా ఉన్నట్టే. ఇది గుర్తు పెట్టుకోండి. చాలామంది అక్కడే నిలబడి హక్కుల గురించి వాదిస్తారు. వాదన ఎంత బాగున్నా కాళ్లు మాత్రం తప్పు చోట ఉంటాయి.

"టికెట్టు కొన్నాను కదండీ, ఎలా పొమ్మంటారు?" ఎవరో అడిగారు వెనక నుంచి. మంచి ప్రశ్న. 1845లో ఇంగ్లండులో సరిగ్గా ఇదే వచ్చింది. డాంకాస్టర్ గుర్రప్పందాలకు ఒకాయన టికెట్టు కొనుక్కుని వెళ్లాడు. నిర్వాహకులు పొమ్మన్నారు. పోలేదు. బలవంతంగా బయటికి పంపారు. ఆయన దావా వేశాడు, ఓడిపోయాడు. టికెట్టు అంటే రావడానికి ఇచ్చిన అనుమతి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అన్నది కోర్టు. తరువాత 1915లో ఒక సినిమా హాలు కేసులో గాలి ఇటు తిరిగింది. డబ్బు కట్టిన ప్రేక్షకుణ్ణి టికెట్టు లేదనుకుని గెంటేస్తే, అతనికి 150 పౌండ్లు ఇప్పించారు. అంటే మీరు ఏ షరతూ మీరకుండా ఉంటే, అన్యాయంగా గెంటినందుకు తరువాత కోర్టులో డబ్బు అడగవచ్చు. ఆ "తరువాత" అనే మాటను మరిచిపోకండి. గేటు దగ్గర పోట్లాట వద్దు. పేరు అడగండి, సమయం రాసుకోండి, బయటికి రండి.

మరి డిలీట్? ఎవరి ఆవరణ అయినా సరే, మీ కార్డులో ఉన్నదాన్ని చెరిపించే అధికారం గార్డుకు లేదు. కెమెరా లాక్కోవడం, కార్డు గుంజుకోవడం, ఫొటోలు చూపించేదాకా గదిలో కూర్చోబెట్టడం మామూలుగా ఏ దేశ చట్టంలో చూసినా తిరిగి వాళ్ల మెడకే చుట్టుకుంటాయి. పోలీసులైనా చట్టం చెప్పిన పద్ధతిలోనే రావాలి. అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో, అరెస్టయిన మనిషి ఫోనులో ఏముందో చూడాలన్నా మామూలుగా వారంటు కావలసిందే అన్నది. ఇక తోటలో, హాల్లో నిలబడ్డ గార్డు మాట చెప్పాలా?

ఒక మెలిక ఉంది. మీరు సంతకం పెట్టిన కాగితంలో "అడిగితే డిలీట్ చేస్తాను" అని ఉంటే? అప్పుడు గార్డుకు కాదు గాని, ఆ కాగితానికి మీరు జవాబుదారీ. కాగితాల దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇంకొక భ్రమ. "నేను పత్రికవాణ్ణి, నన్నెవరూ ఆపలేరు." ఎవరన్నారు? 1971లో అమెరికాలో డీట్‌మన్ కేసు నడిచింది. సొంత ఇంట్లో వైద్యం చేస్తానంటూ జనాన్ని మోసం చేసే ఒకాయన దగ్గరికి పత్రికవాళ్లు రోగుల్లా వెళ్లి, దాచిన కెమెరాతో ఫొటోలు తీశారు. అతని మోసం బయటపడింది, అది మంచిదే. అయినా కోర్టు అతని పక్షానే నిలిచింది. వార్త కోసమైనా ఒకరి ఇంట్లో చాటుగా కెమెరా తిప్పే స్వేచ్ఛను రాజ్యాంగం పత్రికలకు ఇవ్వలేదన్నది. పోలీసులతో కలిసి వెళ్లినా అంతే. 1992లో మేరీల్యాండ్‌లో పోలీసులు వారంటుతో ఒక ఇంట్లోకి వెళుతూ వాషింగ్టన్ పోస్ట్ విలేకరినీ ఫొటోగ్రాఫరునూ వెంట తీసుకెళ్లారు. తెల్లవారుజామున పడక బట్టల్లో ఉన్న దంపతులను ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు అచ్చు కూడా కాలేదు. అయినా 1999లో సుప్రీంకోర్టు అలా వెంట తీసుకెళ్లడమే రాజ్యాంగ విరుద్ధమన్నది. పోలీసు ఇచ్చిన పిలుపు ఇంటివాళ్ల పిలుపుతో సమానం కాదు.

గోడ బయట నిలబడితే

గేటు లోపలికే వెళ్లకపోతే ఎలా ఉంటుంది? 1937లో ఆస్ట్రేలియా హైకోర్టు ముందుకు వచ్చింది ఈ చిక్కు. సిడ్నీలో గుర్రప్పందాల మైదానం. పక్కింటాయన తన స్థలంలో ఒక మంచె కట్టించాడు. దాని మీద నుంచి మైదానంలో పందెం చూస్తూ ఒక వ్యాఖ్యాత రేడియోలో చెబుతుంటాడు. మైదానంవాళ్ల గేటు రాబడి పడిపోయింది. మా ప్రదర్శనను దోచుకుంటున్నారని దావా. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురి మొగ్గుతో పక్కింటాయనే గెలిచాడు. కనబడుతున్నదాన్ని చూడటానికి మీ అనుమతి అక్కరలేదు, అంతగా బాధగా ఉంటే గోడ ఎత్తు పెంచుకోండి అన్నారు. అది రేడియో కేసే గాని కెమెరాకూ అదే సూత్రం. కుక్కల ప్రదర్శన తీర్పులోనూ, పక్క ఇంటి మీద నుంచి ఎవరైనా ఫొటో తీస్తే నిర్వాహకులు ఆపలేరని జడ్జి అన్నాడు.

ఆగండి, ఆ మాట పట్టుకుని పొడవాటి లెన్సులు కొనడానికి పరుగెత్తకండి. ఆ తీర్పులు బహిరంగంగా జరిగే ఆటల మీద, ప్రదర్శనల మీద వచ్చినవి. పడకగది కిటికీ మీద కాదు. బట్టలు మార్చుకునే గది, స్నానాల గది, ఇవి గోడ ఇవతల నుంచి కనబడినా, లోపల నుంచి కనబడినా మన లెన్సుకు సంబంధించినవి కావు. భారతదేశంలో స్త్రీలను అలాంటి చోట్ల చాటుగా చూడటం, ఫొటో తీయడం 2013 నుంచి ప్రత్యేక నేరం. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. ఇక డ్రోన్లకు ప్రతి దేశంలోనూ వేరే నిబంధనలున్నాయి. అది మరో రోజు మాట్లాడుకోవలసిన సంగతి.

సంతకం పెట్టే ముందు

ఇప్పుడు కాగితాల సంగతి. నిజానికి నేను ఇంత దూరం వచ్చింది ఇది చెప్పడానికే. కుక్కల ప్రదర్శనవాళ్లు చేయని పనిని ఈనాటి నిర్వాహకులు బ్రహ్మాండంగా చేస్తున్నారు. టికెట్టు వెనక్కి తిప్పి చూడండి. చీమ తలకాయంత అక్షరాలు. ఎప్పుడైనా చదివారా? లండన్ 2012 ఒలింపిక్స్ టికెట్టు షరతుల్లో, ప్రేక్షకులు తీసిన ఫొటోలను సొంత, కుటుంబ అవసరాలకు తప్ప మరి దేనికీ వాడకూడదని ఉంది. మీరు ఆ టికెట్టుతో లోపలికి వెళ్లారంటే దానికి ఒప్పుకున్నట్టే. ఫొటో హక్కుదారు మీరే. అయినా అమ్మలేరు, ఎందుకంటే అమ్మనని మాట ఇచ్చారు.

సంగీత కచేరీల పాసులు ఇంకా కఠినం. మొదటి మూడు పాటలు, ఫ్లాష్ లేకుండా. ఇది ప్రపంచమంతా చెల్లుబాటయ్యే ఆనవాయితీ, దీనితో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, కొన్ని కాగితాల్లో ఫొటోల మీద సర్వహక్కులూ కళాకారుడికి రాసిచ్చేయాలని ఉంటుంది. 2015లో ఫూ ఫైటర్స్ అనే రాక్ సంగీత బృందం అలాంటి షరతులు పెడితే 'వాషింగ్టన్ సిటీ పేపర్' అనే పత్రిక మేం సంతకం చేయం అన్నది, ప్రేక్షకులు తీసిన ఫొటోలు కొనుక్కుంటాం అని ప్రకటించింది. అదే ఏడాది గాయని టేలర్ స్విఫ్ట్ షరతులు నచ్చక ఐరిష్ టైమ్స్ ఆమె కచేరీ ఫొటోలు వేయలేదు. ఆ తరువాత ఫొటోగ్రాఫర్ల సంఘాలతో మాట్లాడి ఆమె తరఫువాళ్లు షరతులు సడలించారు. చూశారా? అడిగితే మారతాయి. సంతకం చేసేశాక అడిగితే మారవు.

మరి మిమ్మల్ని పిలిపించి, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు ఎవరివి? ఒక పెళ్లి తీశారనుకోండి. చేతులెత్తండి, ఎంతమంది అవి మీవే అనుకుంటున్నారు? చాలామంది ఉన్నారు. సరే, వినండి. అమెరికాలో అయితే మీవే, మీరు ఎవరి దగ్గరా ఉద్యోగి కాకపోతే, రాసివ్వకపోతే. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం కాపీరైటు మీదే, కానీ సొంత అవసరానికి తీయించుకున్నవాళ్ల ఒప్పుదల లేకుండా మీరు వాటిని ప్రచురించలేరు, ప్రదర్శించలేరు. భారతదేశంలోనో? 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు కోరి, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అదండీ సంగతి! మీరు మీ గోడ మీద పెట్టుకున్న ఆ పెళ్లికూతురి ఫొటో చట్టం దృష్టిలో మీది కాకపోవచ్చు. మీ పేరు వేయమని అడిగే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద మీకు మిగిలే ఉంటుంది.

"వేరే ఒప్పందం ఏదీ లేకపోతే" అన్నాను, విన్నారా? ఆ నాలుగు మాటల్లోనే మీ బతుకుదెరువు ఉంది. అడ్వాన్సు తీసుకునే రోజునే ఒక పేజీ రాసుకోండి. కాపీరైటు ఎవరిది, నమూనాగా మీరు ఏవి చూపించుకోవచ్చు, ప్రకటనకు వాడాలంటే ఎవరిని అడగాలి. పెద్ద లాయరు అక్కరలేదు. మామూలు భాషలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. హాలు యజమాని అనుమతి ఎవరు తేవాలో కూడా అందులోనే రాయండి. పెళ్లివారు పిలిచారు గదా అని వెళతారు, హాలువాళ్లు "బయటి ఫొటోగ్రాఫర్లకు ప్రవేశం లేదు" అంటారు. అప్పుడు మీరు ఇద్దరి మధ్య నలిగిపోతారు.

వాడకం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అదే ఫొటో వార్తలో వస్తే ఒక లెక్క, సబ్బు ప్రకటనలో వస్తే మరో లెక్క. ప్రకటనకైతే ఫొటోలో గుర్తుపట్టగలిగే మనిషి సంతకం తీసుకోండి, ఆ భవనం ప్రత్యేకంగా కనబడుతుంటే యజమాని సంతకం కూడా తీసుకోండి. పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకం. ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫొటోలు కొనే ఏజెన్సీలు ప్రకటన వాడకానికి ఆ కాగితం లేనిదే తీసుకోవు.

నా సమయం అయిపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. వాళ్ల ఆవరణ కదా, మాట వినాలి. ప్రశ్నలుంటే అడగండి. ఇందాక టికెట్టు గురించి అడిగినవారు ముందుకు రండి, మీ టికెట్టు వెనక ఏముందో కలిసి చదువుదాం.